రియల్ ఎస్టేట్‌కి పాడ్‌కాస్ట్ పనికొస్తుందా? సంగారెడ్డి నుంచి ఒక ఏజెంట్ ప్రశ్న

సంగారెడ్డి_ఏజెంట్:

అందరికీ నమస్కారం. మాది సంగారెడ్డి. నాన్న 22 ఏళ్ళుగా ప్లాట్లు చూపిస్తున్నారు, నేను ఐదేళ్ళుగా ఆయన వెంట తిరుగుతున్నాను. సొంత వెంచర్లు లేవు. వేరేవాళ్ళ లేఅవుట్లలో ప్లాట్లు, రీసేల్ ప్లాట్లు అమ్మించి కమీషన్ మీద బతుకుతాం. రియల్ ఎస్టేట్‌ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ రెరాలో ఏజెంట్ రిజిస్ట్రేషన్ ఉంది.

పటాన్‌చెరు దాటిన దగ్గర్నుంచి ముంబై హైవేకి రెండు పక్కలా హోర్డింగులే. ఆ అద్దెలు మేం కట్టలేం. వాట్సాప్ గ్రూపులో ప్లాట్ ఫొటో పెడితే అరగంటలో ఇంకో ఇరవై ఫొటోల కిందికి పోతుంది. ఫోన్ చేసినవాళ్ళు "గజం ఎంత?" అని అడిగి పెట్టేస్తారు. మేం ఎవరం, మమ్మల్ని ఎందుకు నమ్మాలి అన్నది చెప్పే అవకాశమే ఉండట్లేదు.

డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు మొన్న వచ్చినప్పుడు ఒక మాట అన్నాడు. ఆఫీసుకి కారులో వెళ్తూ రోజూ పాడ్‌కాస్ట్‌లు, అంటే ఫోన్‌లో వినే మాటల కార్యక్రమాలు, వింటాడట. "చిన్నాన్న దగ్గర కూర్చుంటే రెండు గంటలు భూముల ముచ్చట్లే. అవే రికార్డు చేసి పెట్టొచ్చు కదా" అన్నాడు. నాన్నేమో "కళ్ళతో చూసే కొనరు ఈ రోజుల్లో, చెవితో విని ఎవరు కొంటారు" అంటున్నారు.

ఎవరైనా చేశారా? ఎంత ఖర్చవుతుంది? మా ప్లాట్ల గురించే మాట్లాడాలా, వేరేవి మాట్లాడాలా? నిజంగా తెలియక అడుగుతున్నాను.

బెజవాడ_బిల్డర్:

తమ్ముడూ, నేను మొదలుపెట్టి ఆపేసిన వాణ్ణి, కాబట్టి నా అనుభవం చెప్తాను.

మేం చిన్న అపార్ట్‌మెంట్లు కడతాం. రెండేళ్ళ కిందట స్టూడియో అద్దెకి తీసుకుని, యాంకరమ్మాయిని పెట్టి ఆరు ఎపిసోడ్లు చేశాం. ఒక్కో ఎపిసోడ్‌కి మా ప్రాజెక్టు ఒకటి. లొకేషన్, లిఫ్టు, జనరేటర్, వాస్తు, క్లబ్ హౌస్. విన్నది మా స్టాఫు, మా బంధువులు. ఒక్క కాల్ రాలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత అర్థమైంది. మేం చేసింది బ్రోచర్‌ని పైకి చదవడం. బ్రోచర్‌ని ఎవరైనా రెండు నిమిషాల్లో చూసేస్తారు, దాన్నే ఇరవై నిమిషాలు చెవిలో పోస్తే ఎందుకు వింటారు?

ఐదో ఎపిసోడ్‌కి యాంకర్ రాకపోతే మా సైట్ ఇంజినీర్‌ని కూర్చోబెట్టాం. కొత్త ఇంట్లో పిల్లర్‌కీ గోడకీ మధ్య నిలువుగా బీటలు ఎందుకు వస్తాయో ఆయన చెప్పాడు. కాంక్రీటూ ఇటుకా ఎండకి ఒకేలా సాగవు, అందుకే ఆ అతుకు మీద చికెన్ మెష్ అనే సన్న ఇనుప వల కొట్టి ప్లాస్టరింగ్ చేయాలి, చాలాచోట్ల కూలి మిగులుతుందని అది ఎగ్గొడతారు అని. ఆ ఒక్కటీ జనం ఒకరికొకరు పంపుకున్నారు. మా దగ్గర కొననివాళ్ళు కూడా "మా ఇంటికొచ్చి బీట చూస్తారా" అని అడిగారు. నేను ఆ దారిలో వెళ్ళి ఉంటే బాగుండేది. డబ్బులు అయిపోయి ఆపేశాను. మీరు ఆ ఐదో ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి.

ఫ్రిస్కో_నుంచి:

నేను అచ్చం మీ పెద్దమ్మ కొడుకు లాంటి శ్రోతని. ఊరు కరీంనగర్, ఉండేది టెక్సాస్‌లో. కారులో వెళ్ళేటప్పుడు, గిన్నెలు కడిగేటప్పుడు, సాయంత్రం నడకలో వింటాను. వీడియో చూసేంత ఖాళీ ఉండదు. మాకు రాత్రి 9 అయితే వేసవిలో మీకు తెల్లారి 7:30. ఫోన్ చేసి ఏజెంట్‌తో తీరిగ్గా మాట్లాడటం కుదరదు. రికార్డు చేసిన మాటకి ఆ ఇబ్బంది లేదు.

2021లో నేను హైదరాబాద్ పడమటి వైపు ఒక ప్రీ లాంచ్ ఫ్లాట్‌కి, అంటే అనుమతులు రాకముందే అమ్మేదానికి, డబ్బు కట్టాను. వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూసి, మొత్తం ఒకేసారి కడితే చదరపు అడుగు సగం ధరకే అంటే నమ్మాను. రెరా నంబర్ అడిగితే "వచ్చేస్తుంది సార్" అన్నారు. ఇప్పటిదాకా పునాది తవ్వలేదు. ఆ డబ్బు మా అమ్మానాన్నల కోసం దాచినది. ఆ రోజు నాకు ఎవరైనా ఒక్కరు తెలుగులో, తొందరపెట్టకుండా "ఇది కొనకండి, ఎందుకంటే ఇదీ" అని చెప్పి ఉంటే ఆగిపోయేవాణ్ణి.

మాలాంటి వాళ్ళకి అసలు తెలియనివి చాలా ఉన్నాయి. ఎన్‌ఆర్‌ఐలు ఇల్లు, ఫ్లాటు, షాపు కొనొచ్చు కానీ వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే వేరే సంగతి. ఇది విదేశీ మారక చట్టం ఫెమా రూలు. అయినా ఇక్కడ మన సంఘాల పండగల్లో స్టాల్ పెట్టి ఫామ్ ల్యాండ్ అమ్ముతుంటారు. ఇలాంటివి చెప్పండి. మీ ప్లాట్ గురించి నేను తర్వాత నేనే అడుగుతాను.

దస్తావేజుల_లాయర్:

సంగారెడ్డి తమ్ముడికి, మొదలుపెట్టే ముందు ఒక విషయం గట్టిగా చెప్పాలి. పాడ్‌కాస్ట్ అంటే ఉత్త కబుర్లే కదా, ప్రకటన కాదు కదా అనుకోవద్దు. రెరా చట్టం, 2016లో ప్రకటనకి ఇచ్చిన నిర్వచనంలో ఏ రూపంలో చేసిన ప్రచారమైనా వస్తుంది. మీ నోటి మాట కూడా అందులోదే.

500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ అయినా, 8 ఫ్లాట్లు దాటిన కట్టడమైనా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రచారం చేయకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. బిల్డర్ తప్పితే ప్రాజెక్టు అంచనా ఖర్చులో 10 శాతం దాకా జరిమానా. ఏజెంట్ తప్పితే రోజుకి 10,000 రూపాయల చొప్పున, ఆ ఆస్తి ఖర్చులో 5 శాతం దాకా వెళ్తుంది. కాబట్టి ప్రీ లాంచ్ యజమానిని అతిథిగా పిలిచి "త్వరలో వస్తోంది" అనిపించినా ఆ బాధ్యత మీ మెడకీ చుట్టుకుంటుంది.

ఏదైనా ప్రాజెక్టు పేరెత్తితే దాని రెరా నంబర్, రెరా వెబ్‌సైట్ పేరు నోటితో చెప్పండి, కింద వివరాల్లో కూడా రాయండి. 12వ సెక్షన్ ప్రకారం ప్రకటనలో చెప్పిన అబద్ధాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాడికి పరిహారం ఇవ్వాలి, ప్రాజెక్టులోంచి తప్పుకుంటానంటే కట్టిన డబ్బు వడ్డీతో తిరిగివ్వాలి. అతిథి డబ్బిచ్చి వచ్చి కూర్చుంటే ఆ సంగతి మొదట్లోనే చెప్పండి. ప్రకటనల మండలి ఆస్కీ 2021లోనే దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇంకొకటి. ఎపిసోడ్ ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. ఈ రోజు చెప్పిన ధర రెండేళ్ళ తర్వాత ఎవరో విని "మీరే అన్నారు కదా" అని వస్తారు. ధర చెప్పొద్దు, ధర ఎలా లెక్కగడతారో చెప్పండి.

రేడియో_మనిషి:

నేను కడప ఆకాశవాణిలో చాలా ఏళ్ళు క్యాజువల్ అనౌన్సర్‌గా చేశాను. ధ్వని గురించి నా ముక్క.

స్టూడియో అక్కర్లేదు. మీ ఊళ్ళో మంచి గది ఏది అంటే బట్టల బీరువా, పరుపులు, కర్టెన్లు ఉన్న పడకగది. ఖాళీ ఆఫీసులో గాజు బల్ల ముందు కూర్చుంటే బావిలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. గది దొరక్కపోతే చెట్టు కింద ఆపిన కారు కూడా మంచిదే, సీట్లు ప్రతిధ్వనిని మింగేస్తాయి. ఫ్యాను, ఏసీ ఆపండి. ఫోన్లు ఇంకో గదిలో పెట్టండి.

మీ వ్యాపారానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ప్లాట్, ఫ్లాట్, బ్లాక్, భూమి, పట్టా, బఫర్, అన్నీ పెదాలు కొట్టుకునే అక్షరాలతోనే మొదలవుతాయి. వాటికి మైకులో 'ఫట్' మని గాలి కొడుతుంది. మైకుని నోటికి ఎదురుగా పెట్టకుండా దవడ పక్కన, జానెడు కంటే కాస్త తక్కువ దూరంలో, కొంచెం ఏటవాలుగా పెట్టండి. గాలి పక్కనుంచి పోతుంది, మాట లోపలికి వస్తుంది.

మాట్లాడే ముందు అర నిమిషం అందరూ మౌనంగా ఉండి ఆ నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేయండి. ఆడాసిటీ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, గది హోరుని తీసేయడానికి దానికి ఆ ముక్క కావాలి.

మీ నాన్నగారికి స్క్రిప్టు ఇవ్వకండి. కాగితం చూడగానే మనిషి గొంతు మారిపోతుంది. నేను ఎందరో రైతుల్ని రేడియోలో మాట్లాడించాను. కాగితం లాక్కుని "ఈసారి పంటెలా ఉంది" అని అడిగితేనే మాట వచ్చేది. ఆయన ఎదురుగా నిజంగా కొనాలనుకునే మనిషిని కూర్చోబెట్టండి. ఆయన మైకుని మర్చిపోయి ఆ మనిషితో మాట్లాడతారు.

కొనాలనుకునే_టీచరమ్మ:

నేను హనుమకొండలో ప్రభుత్వ టీచర్ని. సంగారెడ్డి వైపు 150 గజాలు చూద్దామని ఏడాదిగా తిరుగుతున్నాం. మా అమ్మాయి కంది ఐఐటీలో చదువుతోంది.

ఏజెంట్లని అడిగితే సరిగ్గా చెప్పనివి ఇవీ. గజం ధర ఒకటి చెప్పి, తీరా కూర్చున్నాక ఈస్ట్ ఫేసింగ్‌కి ఇంత, కార్నర్‌కి ఇంత, పార్కు ఎదురుగా ఉంటే ఇంత అని కలుపుతారు. ఎందుకు? "ట్రిపుల్ ఆర్‌కి 5 నిమిషాలు" అంటారు. ఇంకా లేని రీజనల్ రింగ్ రోడ్డుకి నిమిషాలు ఎలా లెక్కేస్తారు? ఐఐటీ నుంచి అంటారు, ఏ గేటు నుంచి? పంచాయతీ లేఅవుట్‌కీ టౌన్ ప్లానింగ్ శాఖ డీటీసీపీ అనుమతి ఉన్న లేఅవుట్‌కీ తేడా అడిగితే "ఎల్‌ఆర్‌ఎస్ అయిపోతుంది మేడమ్" అంటారు. అంటే అనుమతి లేని లేఅవుట్‌ని తర్వాత క్రమబద్ధం చేయించుకోవడం. దానికి 2020లో వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టిన మా చెల్లెలు ఏళ్ళ తరబడి ఎదురుచూసింది.

చివరగా, మీ కమీషన్ ఎంత, ఎవరి దగ్గర తీసుకుంటారు? ఇది ఎవరూ చెప్పరు. దీనికి మైకు ముందు సమాధానం చెప్పే ఏజెంట్ దగ్గరకి నేను బస్సెక్కి వస్తాను.

సంగారెడ్డి_ఏజెంట్:

అందరికీ చేతులెత్తి దండం. రాత్రి ఇవన్నీ నాన్నకి చదివి వినిపించాను. టీచరమ్మ గారి ప్రశ్నలకి ఆయన అక్కడికక్కడే జవాబులు మొదలుపెట్టారు. నేను ఫోన్‌లో రికార్డ్ నొక్కాను, ఆయన చూసుకోలేదు. తర్వాత వినిపిస్తే "ఇది నేనేనా" అని రెండోసారి పెట్టమన్నారు.

మేడమ్, కమీషన్ సంగతి. రీసేల్‌లో కొనేవాళ్ళ దగ్గర 1 శాతం, అమ్మేవాళ్ళ దగ్గర 1 శాతం తీసుకుంటాం. వెంచర్ ప్లాట్‌కి వెంచర్ వాళ్ళే గజానికి ఇంత అని ఇస్తారు, కొనేవాళ్ళ దగ్గర తీసుకోం. మొదటి ఎపిసోడ్‌లో ఇదే చెప్తాం.

ఎడిటింగ్_బ్రదర్:

అన్నా, పంపిణీ గురించి నేను చెప్తా. ఆడియోలు దాచిపెట్టే ఏదో ఒక హోస్టింగ్ సైట్‌లో ఆడియో ఒక్కసారి ఎక్కిస్తే, ఎపిసోడ్లని యాప్‌లకి అందించే ఆర్‌ఎస్‌ఎస్ లింక్ ఒకటి వస్తుంది. ఆ లింక్‌ని స్పాటిఫైకీ ఆపిల్ పాడ్‌కాస్ట్స్‌కీ ఒకసారి ఇస్తే చాలు, కొత్త ఎపిసోడ్లు వాటంతట అవే వెళ్తాయి. గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడింది, పాత సలహాలు చదివి దాని కోసం వెతక్కండి. యూట్యూబ్ మాత్రం తప్పనిసరి. నా దగ్గరకి వచ్చే తెలుగు పాడ్‌కాస్ట్‌లన్నిటికీ ఎక్కువ మంది అక్కడే వింటున్నారు. ఒక కెమెరా లేదా ఫోన్ నిలబెట్టి వీడియో కూడా తీసుకోండి.

కవర్ బొమ్మ చదరంగా, 3000 పిక్సెల్స్ ఉండాలి. దాని మీద ఫోన్ నంబర్, ఆఫర్లు వేయకండి. నాన్నగారి ముఖం, పేరు చాలు. సినిమా పాట బిట్లు వాడొద్దు, కాపీరైట్ పడుతుంది. ప్రతి ఎపిసోడ్ నుంచి నిమిషం ముక్కలు రెండు కట్ చేసి వాట్సాప్‌లో పంపండి. ఎపిసోడ్ పేరు జనం వెతికే మాటల్లో ఉండాలి. "ఎపిసోడ్ 3" అని పెడితే ఎవరికీ దొరకదు, "ఈసీలో కనిపించనివి ఏంటి?" అంటే దొరుకుతుంది. ఈసీ అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే పత్రం.

ఎన్నిసార్లు విన్నారో యాప్ చెప్తుంది, ఎవరు విన్నారో చెప్పదు. కాబట్టి కాల్ చేసిన ప్రతివాళ్ళనీ "మా గురించి ఎక్కడ విన్నారు?" అని అడిగి నోట్‌బుక్‌లో రాయండి.

ఫ్రిస్కో_నుంచి:

ఒక మాట. మోసం చేసిన వెంచర్ల పేర్లు బయటపెట్టండి. అదొక్కటి చేస్తే వేల మంది వింటారు. నాలాంటి వాళ్ళు ఇంకా కడుతూనే ఉన్నారు.

దస్తావేజుల_లాయర్:

మీ బాధ నాకు అర్థమవుతుంది, మీలాంటి ఫైళ్ళు నా బల్ల మీద ఉన్నాయి. కానీ ఈ కుర్రాడితో ఆ పని చేయించకండి. తీర్పు రాకముందే ఇంకో వ్యాపారి పేరు చెప్పి మోసగాడు అంటే పరువు నష్టం కేసు వీళ్ళ మీదే పడుతుంది. పైగా వీళ్ళదీ అదే వ్యాపారం, పోటీతో అన్నారంటారు. రెరా ఇచ్చిన ఉత్తర్వులు వెబ్‌సైట్‌లో ఉంటాయి. వాటిని ఎలా వెతకాలో చెప్పమనండి.

కొనాలనుకునే_టీచరమ్మ:

నాకూ అదే మేలనిపిస్తోంది. పది పేర్లు చెప్తే పదకొండోది వస్తుంది. చూసుకోవడం వస్తే పదకొండోదీ నేనే పట్టుకుంటాను. ఫ్రిస్కో అన్నయ్య గారూ, మీరే మీ కథ చెప్పండి, కంపెనీ పేరు లేకుండా. అది వింటే చాలామంది ఆగుతారు.

సంగారెడ్డి_ఏజెంట్ (నాలుగు నెలల తర్వాత):

చాలా రోజులైంది, క్షమించాలి. జరిగింది జరిగినట్టు చెప్తాను.

తొమ్మిది ఎపిసోడ్లు పెట్టాం. రెండు కాలర్ మైకులకి 3,500 అయింది. ఎడిటింగ్ నేనే నేర్చుకున్నాను. నాన్నా, నేనూ, కొనాలనుకునే ఒక మనిషీ, ముగ్గురం కూర్చుంటాం. ఒక్కోటి ఇరవై నిమిషాల లోపే.

ఎక్కువ మంది విన్నది ఈసీ గురించి. ఆన్‌లైన్‌లో 1983 నుంచే ఈసీ వస్తుంది, అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించుకోవాలి. ఈసీలో రిజిస్టర్ అయిన లావాదేవీలే కనిపిస్తాయి. నోటరీ మీద రాసుకున్న అగ్రిమెంటు కనిపించదు, అన్నదమ్ముల మధ్య కోర్టు కేసు కనిపించదు. "ఈసీ క్లియర్" అంటే భూమి క్లియర్ అని కాదు. నాన్న ఇది రోజూ చెప్పే మాటే, కానీ విన్నవాళ్ళకి కొత్త.

రెండోది గుంటల లెక్క. గుంట అంటే 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు, 4,840 గజాలు. లేఅవుట్‌లో రోడ్లకీ పార్కుకీ పోగా అమ్మడానికి మిగిలేది సగం కన్నా కాస్త ఎక్కువ. ఎకరం రేటు, నాలా కన్వర్షన్ (సాగు భూమిని వేరే వాడకానికి మార్చడం), రోడ్లు, డ్రైనేజీ, కరెంటు స్తంభాలు, మాలాంటి వాళ్ళ కమీషన్, అన్నీ కలిపి ఆ మిగిలిన గజాల మీద పంచితే అసలు ధర బయటపడుతుంది. పక్క ఎకరం రేటు తెలిస్తే ఎవరైనా ఆ లెక్క వేసుకోవచ్చు. చెరువుల ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే హద్దు, దాని గురించి ఒకటి చేశాం. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చినప్పటి నుంచి అందరూ అదే అడుగుతున్నారు. టీచరమ్మ గారి "5 నిమిషాలు" మీద ఒకటి చేశాం. అందులో మేమే బండి మీద వెళ్ళి, సాయంత్రం ఆరింటికి నిజంగా ఎంతసేపు పడుతుందో వాచీ చూసి చెప్పాం. మేం చూపించే ఒక ప్లాట్‌కి మేమే 10 నిమిషాలని చెప్పుకునేవాళ్ళం. 24 పట్టింది. అదీ చెప్పాం.

నోట్‌బుక్ ప్రకారం పాడ్‌కాస్ట్ విని వచ్చిన కాల్స్ 23. ఏడుగురు సైట్‌కి వచ్చారు. రెండు రిజిస్ట్రేషన్లు అయ్యాయి. ఇది పెద్ద సంఖ్య కాదు. కానీ ఆ 23 మందిలో ఒక్కరు కూడా "గజం ఎంత?" అని మొదలుపెట్టలేదు. "నాన్నగారు ఉన్నారా?" అని మొదలుపెట్టారు. సైట్‌లో కూడా మేం కొత్తగా చెప్పేది ఏమీ ఉండదు, అన్నీ వినే వస్తారు. నేరుగా లింక్ డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల దస్తావేజులు, అడుగుతారు.

నష్టం కూడా జరిగింది. ప్రీ లాంచ్ ఎపిసోడ్ తర్వాత ఒక వెంచర్ వాళ్ళు ఫోన్ చేసి ఇక మాకు ప్లాట్లు ఇచ్చేది లేదన్నారు. మా ఆదాయంలో వాళ్ళ వాటా తక్కువేం కాదు. ఎపిసోడ్ తీసేద్దామా అని నాన్నని అడిగాను. "రీసేల్ ఉంది కదా, చేసుకుందాం" అన్నారు. తీయలేదు.

జహీరాబాద్ దగ్గర్నుంచి ఒక పెద్దాయన ఈసీ ఎపిసోడ్ విని తన కాగితాలు పట్టుకొచ్చారు. వేరేచోట కొన్న ప్లాట్. చూస్తే ఒకే ప్లాట్ ఇద్దరికి రిజిస్ట్రేషన్ అయి ఉంది. నాన్న రెండు గంటలు కూర్చుని వివరించి, లాయర్ దగ్గరికి పంపారు. ఆయన మా దగ్గర ఏమీ కొనలేదు. పేరు చెప్పకుండా, ఆయన ఒప్పుకున్నాకే, అది ఏడో ఎపిసోడ్ అయింది.

బెజవాడ_బిల్డర్:

తమ్ముడూ, ఇది చదివాక మా ఇంజినీర్‌కి ఫోన్ చేశాను. మళ్ళీ మొదలుపెడతాం, ఈసారి స్టూడియో లేకుండా. 10 నిమిషాలన్నది 24 పట్టిందని చెప్పిన ఎపిసోడ్ విన్నాను. మీ సొంత ప్లాట్ గురించే చెప్పారు చూడండి, అక్కడ ఆపి మా ఆవిడకి కూడా వినిపించాను.

రేడియో_మనిషి:

నేనూ నాలుగు విన్నాను. మూడో దాంట్లో వెనకాల ఫ్యాను తిరుగుతోంది. ఎండాకాలమని తెలుసు, అయినా ఆపండి. మీ నాన్నగారు ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఆగి ఆలోచిస్తారు కదా, ఆ ఖాళీలు ఎడిటింగ్‌లో కత్తిరించకండి.

ఫ్రిస్కో_నుంచి:

నా కథ చెప్పడానికి సిద్ధం. దానితోపాటు పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన బదులు ఇంకొకరు సంతకం పెట్టేందుకు ఇచ్చే అధికారపత్రం, దాని గురించి కూడా చేయండి. ఇక్కడ కాన్సులేట్‌లో సంతకం పెట్టి పంపాక అక్కడ ఏం చేయాలో మాలో చాలామందికి తెలియదు.

దస్తావేజుల_లాయర్:

దానికి నేను వస్తాను, ఫీజు వద్దు. ఆ కాగితం ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు స్టాంప్ డ్యూటీ కట్టించాలి. అది మర్చిపోయి తిప్పలు పడ్డవాళ్ళు చాలామంది. అమ్మేవాళ్ళు ఎన్‌ఆర్‌ఐ అయితే కొనేవాళ్ళు ధరలోంచి కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను, టీడీఎస్ కూడా మారుతుంది, 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం అన్న లెక్క అక్కడ పనికిరాదు. ఆ రెండూ కలిపి చెప్తాను.

సంగారెడ్డి_ఏజెంట్:

సరే సార్, అయితే పదో ఎపిసోడ్ అదే. ఆదివారం ఉదయం 7:30కి రికార్డింగ్, ఫ్రిస్కో అన్నకి అప్పుడు రాత్రి 9 కాబట్టి కుదురుతుంది. టీచరమ్మ గారు మొన్న నిజంగానే బస్సెక్కి వచ్చారు, రెండు ప్లాట్లు చూశారు, ఇంకా ఆలోచిస్తున్నారు. ఈసారి నాన్న ఎదురుగా ప్రశ్నలు అడిగేది ఆవిడే. మీ ప్రశ్నలు శనివారం సాయంత్రం లోపు ఇక్కడే రాయండి. నాన్న ఫోన్‌లో చదవరు, ప్రింట్ తీసి ఇస్తాను.